నీలి అంచు చీరల దావా

ఆ సోమవారం పొద్దున జయపాల్ పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. తెల్ల చొక్కా తొడుక్కోవాలి, చాపెల్ రోడ్డు మొదట్లో ఉన్న ఇరానీ హోటల్లో ఒక చాయ్ తాగాలి, పదిన్నరకల్లా లక్డీకాపూల్‌లోని తన ఆఫీసులో కుర్చీ ఎక్కాలి. ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో హెడ్ క్లర్కు జయపాల్ తెల్ల చొక్కా తప్ప మరొకటి వేసి ఎరగడు. ఉన్నవి ఐదు, ఐదూ తెల్లవే. ఆయనకు జీవితంలో సిద్ధాంతాలు రెండే. ఒకటి, మనిషన్నవాడు తెల్లగా కనపడాలి. రెండు, ఏదైనా సరే కాగితం మీద ఉండాలి.

మొదటి సిద్ధాంతం ఏడూ ముప్పావుకు కూలిపోయింది.

"ఏమండీ! జర ఇటు రాండ్రి!" అని పెరట్లోంచి భార్య యూనీస్ కేక పెట్టింది. జయపాల్ తువ్వాలుతోనే పరుగెత్తాడు. బట్టల టబ్బులో నీళ్ళు చిక్కటి నీలిరంగులో ఉన్నాయి. అందులో ఆయన ఐదు చొక్కాలు, బనీన్లు, రెండు దుప్పట్లు, దిండు గలీబులు, అన్నీ లేత నీలంగా తేలుతున్నాయి. వాటి నడుమ కొత్త చీర ఒకటి ఏమీ ఎరగనట్టు పడుకుని ఉంది.

"గిదేంది? నా అంగీలు గిట్లెందుకున్నయ్?"

"చీర నానబెట్టిన. తెల్ల చీరే గదా అని తెల్లవన్నీ కలిపి నానబెట్టిన."

"కొత్త చీర ఎవలన్న కలిపి నానబెడ్తరా?"

"దుకాణపాయన పక్కా కలర్ అన్నడండి!" అంది యూనీస్. అప్పుడు ఆమెకు గుర్తుకొచ్చింది తన ఒక్క చీర కాదు, నలభై రెండు చీరలు.

సంగతేమిటంటే, వాళ్ళ చర్చిలో స్త్రీల మైత్రి అని ఒక సంఘం ఉంది. దానికి యూనీస్ సెక్రటరీ. 1999 జూలైలో మైత్రికి పాతికేళ్ళు నిండాయి. ఆ జూబ్లీకి సభ్యులు నలభై రెండు మందీ ఒకే రకం చీర కట్టాలని తీర్మానించారు. తెల్ల చీర, నీలి అంచు. సికింద్రాబాదులో కొందామని కొందరన్నారు. యూనీస్ మాత్రం అబిడ్స్‌లోని శ్యామ్‌సుందర్ దుకాణమే అంది. "రంగు పోతేనో?" అని ఉపాధ్యక్షురాలు మేరమ్మ అడిగితే, "నేను గ్యారంటీ అక్కా" అని గుండె మీద చెయ్యి వేసుకుంది. ఆ మాట మీదే అందరూ కొన్నారు. ఆదివారం అందరూ కట్టారు. చూసినవాళ్ళు పావురాల గుంపులా ఉన్నారన్నారు. సోమవారం పొద్దున నలభై రెండు ఇళ్ళలోనూ బట్టలు నానబెట్టారు.

తొమ్మిదింటికల్లా సందు నిండా ఆడవాళ్ళు చేరారు. ముందు మేరమ్మ నిలబడింది. ఆమె గుంటూరు నుంచి వచ్చి ముప్పై ఏళ్ళయినా గుంటూరు గొంతు మాత్రం అక్కడే వదిలి రాలేదు.

"ఏమ్మా యూనీసూ, గ్యారంటీ అన్నావుగా! మా ఆయన బనీను చూడు. తెల్లది ఒక్కటి మిగిలితే ఒట్టు! అక్టోబరులో ఎలక్షను పెట్టుకుని ఇదేం పనమ్మా? సెక్రటరీ మాటకే విలువ లేకపోతే ఇంక ఎవరిని నమ్మాలి?"

అందరూ వెళ్ళాక యూనీస్ వంటింట్లో పీట మీద కూర్చుని ఏడ్చింది. "చీరలు పోతే పోయినయండి. నా మాట పోయింది. వచ్చే ఆదివారం చర్చిల ఎవల మొఖం చూడాలె?" అంది. జయపాల్‌కు భార్య కన్నీళ్ళు చూస్తే కాళ్ళు చేతులు ఆడవు. గబగబా నీలి చొక్కా ఒకటి పిండి, ఇస్త్రీ పెట్టెతో ఆరబెట్టి, తొడుక్కుని, ఆఫీసుకు సెలవు చెప్పి, ఆమెను వెంటబెట్టుకుని అబిడ్స్‌కు బయలుదేరాడు.

శ్యామ్‌సుందర్ చెడ్డవాడు కాదు. వ్యాపారస్థుడు, అంతే. సఫారీ సూటు వేసుకుని గద్దె మీద కూర్చుని, ఇద్దరికీ చాయ్ తెప్పించి మరీ కాదన్నాడు.

"అమ్మా, బిల్లు ఎనక సూడుండ్రి. రంగుకు హామీ లేదు అని రాసి ఉన్నది. మా తాత ఉస్మాన్‌గంజ్‌ల దుకాణం పెట్టిన నాటి సంది గట్లనే రాస్తున్నం."

"మరి పక్కా కలర్ అంటిరి గదా?"

"అన్న. కాదంటలేను. నోటితోని అన్న. కాగితం మీద అనలే." అని లేత నీలిరంగు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు.

కాగితం మాట వినగానే జయపాల్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. కాగితం గురించి తనకు, హెడ్ క్లర్కుకు, ఒక చీరల వ్యాపారి పాఠం చెప్పడమా! చాయ్ సగంలో వదిలేసి లేచాడు. హైదరాబాదీ చాయ్ సగంలో వదిలాడంటే కోపం ఏ పాటిదో చదువరులే ఊహించుకోవచ్చు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలు తవ్వి, వినియోగదారుల రక్షణ చట్టం పుస్తకం ఒకటి పట్టుకొచ్చాడు. ఎవరో లా విద్యార్థి ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి ఉంచాడు. అందులో జయపాల్ ప్రాణం లేచొచ్చే మాట ఒకటి కనిపించింది. ఒకే రకం నష్టం చాలామందికి జరిగితే, వినియోగదారుల ఫోరం అనుమతితో ఒక్కరే అందరి తరఫునా ఫిర్యాదు చేయవచ్చు! ఫీజు లేదు. వకీలు అక్కర్లేదు. తెల్ల కాగితం చాలు.

"యూనీస్! నలభై రెండు మంది నలభై రెండు కేసులు పెట్టే పని లేదే! నీ ఒక్క సంతకం చాలు. రాసేది నేను!"

రాశాడు. మూడు రాత్రులు కూర్చుని పద్నాలుగు పేజీలు రాశాడు. ఇరవై రెండేళ్ళు ఇతరుల ఫైళ్ళ మీద నోట్లు రాసిన చెయ్యి, మొదటిసారి సొంత కష్టం మీద పడింది. చీర పొడుగు, వెడల్పు, అంచు వెడల్పు, టబ్బు లోతు, నానబెట్టిన గంట, నిమిషాలతో సహా అందులో ఉన్నాయి. మైత్రి ఆవిర్భావం మీదనే రెండు పేజీలున్నాయి. చదివిన యూనీస్ "మస్తు రాసిన్రు" అంది. నిజానికి రెండో పేజీలోనే ఆమెకు నిద్ర పట్టింది.

ఈలోగా నీలి చొక్కాలు తప్పలేదు. కొత్తవి దసరాకు కుట్టించుకుందామనుకున్నాడు, దసరా సంగతి క్రిస్మస్‌కు చూద్దామంది యూనీస్. ఆఫీసులో లిఫ్టు ఆపరేటర్ల యూనిఫాం కూడా సరిగ్గా ఆ నీలమే కావడం ఆయన ఖర్మ. లిఫ్టులో నిలబడితే చాలు, వచ్చినవాళ్ళు ఆయన మొహం కూడా చూడకుండా "మూడు" అనేవారు. "నేను హెడ్ క్లర్కునయ్యా!" అని రోజుకు నాలుగుసార్లు చెప్పుకునేవాడు.

నాంపల్లిలోని వినియోగదారుల ఫోరం అనుమతి ఇచ్చింది. అధ్యక్షుడు రెండు షరతులు పెట్టాడు. చీరలు కొన్నవాళ్ళందరికీ కేసు సంగతి తెలిసేలా ప్రకటన ఇవ్వాలి, పేపర్లో వేయలేకపోతే అందరూ చేరే చోట చదివించాలి. విచారణ రోజు పాడైన చీరలను తెచ్చి చూపించాలి. విచారణ సెప్టెంబరు చివరి బుధవారం. ఎలక్షను ఆ పై ఆదివారం. యూనీస్ క్యాలెండరులో రెండు తేదీల చుట్టూ గీత గీసి, రోజూ వాటి వంక చూస్తూ అన్నం సయించక చిక్కిపోయింది.

అందరూ చేరే చోటంటే చర్చి కంటే ఏముంటుంది? ఆదివారం చదవమని జయపాల్ పెద్ద కాగితం నిండా ప్రకటన రాసి చర్చి సెక్రటరీ చేతికిచ్చాడు. ఆ సెక్రటరీకి ఒక పద్ధతుంది. ప్రకటన ఎంత పొడుగున్నా రెండు ముక్కల్లో చదువుతాడు, ఆఖర్న 'కుటుంబ సమేతంగా' అని తగిలిస్తాడు. పెళ్ళైనా, ప్రార్థన కూటమైనా, రక్తదానమైనా అంతే. ఆ ఆదివారం కూడా గొంతు సవరించుకుని ఇలా చదివాడు.

"వచ్చే బుధవారం ఉదయం పది గంటలకు నాంపల్లిలో స్త్రీల మైత్రి వారి చీరల విచారణ. సభ్యులందరూ మైత్రి చీరలు ధరించి కుటుంబ సమేతంగా హాజరు కావలెను."

జయపాల్ లేచి ఏదో చెప్పబోయాడు. అప్పటికే కానుకల పాట ఎత్తుకున్నారు.

ఆరాధన కాగానే మేరమ్మ, యూనీస్ లేకుండా చూసి, తక్కినవాళ్ళను వేప చెట్టు కిందికి పిలిచింది. యూనీస్‌ను అన్ని మాటలన్నందుకు ఆమెకు లోపల పీకుతూనే ఉంది. పాపం, పిల్ల సగమైపోయింది. ఏదో ఒక సాయం చేయాలి.

"జడ్జీగారి ముందుకి ఈ మరకల చీరల్లో వెళ్తామా? పరువుండొద్దూ? మనల్ని చూసి మన సెక్రటరీని ఏమనుకుంటారు? పాపం, దానికి చెప్పొద్దు. చూసి సంతోషిస్తుంది" అంది. అందరూ ఔనంటే ఔనన్నారు. మైత్రి పాతికేళ్ళ చరిత్రలో బయటికెళ్ళేటప్పుడు చీర ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేయకుండా వెళ్ళింది లేదు. యూనీస్ బజారుకు వెళ్ళినప్పుడు కూతురు ఏంజెలీనాను అడిగి తల్లి చీర కూడా తీసుకున్నారు. నలభై రెండు చీరలూ మూట కట్టి చాకలి బిచ్చయ్యకు అప్పగించారు. బిచ్చయ్య చేయి పడితే మరక బతకదని ఆ చుట్టుపక్కల పేరు.

"ఒక్క మరక ఉండకూడదు బిచ్చయ్యా."

"ఫికర్ చెయ్యకుండ్రి అమ్మా. నీలం అన్నది కంటికి కనపడదు" అన్నాడు బిచ్చయ్య. మాట మీద నిలబడే మనిషి.

బుధవారం ఎనిమిదింటికి మేరమ్మ నవ్వుతూ వచ్చి మడత చీర యూనీస్ చేతిలో పెట్టింది. యూనీస్ విప్పింది. పాలలాగా తెల్లగా ఉంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా తిప్పి చూసింది.

"అంచేదక్కా?"

"అదేనమ్మా... బిచ్చయ్య దాన్ని కూడా మరకే అనుకున్నట్టున్నాడు" అంది మేరమ్మ, అప్పుడే తనకూ అనుమానం వచ్చినట్టు.

జయపాల్ గోడకు జారగిలబడ్డాడు. "సాక్ష్యాన్ని ఉతికిన్రా! ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ గూడ చేసిన్రా!"

మేరమ్మ మొహం పాలిపోయింది. "నీకు మంచి చేద్దామనేనమ్మా యూనీసూ" అంది. యూనీస్ ఆమెను తిట్టలేదు. తిట్టడానికి ఓపిక ఉంటే కదా! తెల్ల చీర కట్టుకుని, బైబిలు సంచిలో పెట్టుకుని, "పోదాం పాండ్రి. ఏమైతే గదైతది" అంది.

చాపెల్ రోడ్డు నుంచి నాంపల్లికి ఊరేగింపు కదిలింది. ముందు నలభై రెండు మంది ఆడవాళ్ళు, మల్లెపూల బుట్ట బోర్లించినట్టు. వెనక, కుటుంబ సమేతంగా అన్నారు కనుక, ముప్పై ఆరు మంది మగవాళ్ళు, పులిహోర డబ్బాలు, చాయ్ ఫ్లాస్కులు మోసుకుంటూ. చర్చికైనా కోర్టుకైనా తెల్ల చొక్కా వేయడం వాళ్ళ అలవాటు. ఆ చొక్కాలన్నీ జూలైలోనే నీలమైపోయాయి. అయినా అలవాటు చొప్పున అవే తొడిగారు. స్టేషను రోడ్డు దగ్గర ఒక పెద్దమనిషి జయపాల్‌ను ఆపి, "బ్యాండ్ పార్టీ బాగనే ఉన్నది గని, బాజాలేవి? నవంబర్ల మా ఇంట్ల పెండ్లి ఉన్నది, జర వస్తరా?" అని అడిగాడు.

ఫోరంలో అధ్యక్షుడు, పక్కన సభ్యురాలు విద్యావతి కూర్చుని ఉన్నారు. శ్యామ్‌సుందర్ తరఫున మల్లేశ్వరరావు అనే వకీలు వచ్చాడు. ఆడవాళ్ళను ఒకసారి పైనుంచి కిందికి చూసి, ఆయన పండగ చేసుకున్నాడు.

"అయ్యా, ఫిర్యాదులో నీలి అంచు అన్నారు. అంచు రంగు దిగి చీరంతా మరకలన్నారు. అంచేదండీ? మరకేదండీ? ఇవి మా దుకాణం చీరలే కావు!"

"అధ్యక్షా! నా పిటిషన్ పదకొండో పేరాల..." అని జయపాల్ మొదలుపెట్టాడు.

"చీరలు ఎవరు ఉతికారు?" అన్నాడు అధ్యక్షుడు.

"నేనే సాబ్!" అని ఊరేగింపు వెంట వచ్చిన బిచ్చయ్య ముందుకొచ్చాడు. తనకేదో బహుమతి ఇవ్వబోతున్నారని అతని నమ్మకం. "మూడు దఫాలు బ్లీచింగ్‌ల ముంచిన. ఒక్క చుక్క ఉంచలే."

"ఇంకేముందండీ!" అని వకీలు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "రంగు పోగొట్టింది ఈయన! మా క్లయింటు కాదు!"

అధ్యక్షుడు నిట్టూర్చి కలం అందుకున్నాడు. మేరమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేయసాగింది. అప్పుడు యూనీస్ లేచి నిలబడింది.

"సార్, నాకు వకీలు లెక్క మాట్లాడొస్తలేదు. ఈ నలభై ఒక్క మంది దుకాణం మొఖం సూసి కొనలే, నా మొఖం సూసి కొన్నరు. ఆయన పక్కా కలర్ అంటే నమ్మిన, నేనంటే వీళ్ళు నమ్మిన్రు. ఉతికింది గూడ మమ్మల్ని మంచిగ చూపియ్యాలని ఉతికిన్రు. కేసు పోతే పోనియ్యుండ్రి. గని మేం అబద్ధమాడినమని మాత్రం రాయకుండ్రి సార్."

విద్యావతి యూనీస్ వంక చూసింది. తరువాత ఆమె భుజం మీదుగా వెనక్కి చూసింది. చూసి కళ్ళజోడు సవరించుకుంది.

"ఆ వెనక యూనిఫాంలో ఉన్నవాళ్ళెవరమ్మా?"

"మా మొగోళ్ళు మేడమ్."

"అందరికీ ఒకే తాను గుడ్డ తీశారా?"

"లేదు మేడమ్, అన్నీ తెల్ల అంగీలే. చీరలతోని కలిపి నానబెట్టినం. మా చీరలైతే బిచ్చయ్యకు ఇచ్చిన్రు గని, వాళ్ళ అంగీలు ఎవలు పట్టించుకుంటరు?"

"అభ్యంతరం!" అన్నాడు వకీలు. "కేసు కోసం నీలి చొక్కాలు కుట్టించుకొచ్చారు!"

విద్యావతి జయపాల్‌ను ముందుకు రమ్మంది. జయపాల్ పద్నాలుగు పేజీలూ చేత పట్టుకుని ఉత్సాహంగా వచ్చాడు. "అధ్యక్షా, పదకొండో పేరా..."

"పేరా ఉండనివ్వండి. మెడ ఇటు తిప్పండి" అని ఆమె కాలరు మడత విప్పి చూసింది. "గుడ్డ నూలుది, రంగు పీల్చుకుంది. కుట్టు దారం నూలుది కాదు, తెల్లగానే ఉంది. వకీలుగారూ, నీలం చొక్కాకు తెల్ల దారం వేసే దర్జీ ఎక్కడున్నాడండీ? ఉంటే ముప్పై ఆరు మందికీ వాడే కుట్టాడా?"

ముప్పై ఆరు మందీ ఎవరూ చెప్పకుండానే కాలర్లు పైకెత్తారు. శ్యామ్‌సుందర్‌కు చెమటలు పట్టాయి. జేబులోంచి రుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. మూడోసారికి విద్యావతి చూపు రుమాలు మీద పడింది.

"ఆ రుమాలు ఒకసారి ఇలా ఇవ్వండి."

ఇచ్చాడు. ఇవ్వక చస్తాడా! లేత నీలం గుడ్డ, అంచు చుట్టూ తెల్ల కుట్టు. విద్యావతి దాన్ని జయపాల్ చొక్కా పక్కన పెట్టింది. రెండూ ఒక్కటే నీలం.

శ్యామ్‌సుందర్ ఒకసారి వకీలు వంక చూశాడు. ఆ తరువాత నేల చూపులు చూస్తూ చెప్పేశాడు. "ఏం దాస్త మేడమ్. గా లాట్ల కెళ్ళి మా ఇంటామె గూడ ఒక చీర తీస్కున్నది. మా ఇంట్ల గూడ గిదే హాల్. రెండు నెల్ల సంది నాతోని మాట్లాడ్త లేదు."

"మరి ముందే ఒప్పుకోవచ్చు కదయ్యా?" అన్నాడు అధ్యక్షుడు.

"ఒప్పుకుంటే బిల్లు ఎనక మా తాత రాసింది పనికిరాకుండ పోతది గదా సార్."

అధ్యక్షుడు నవ్వు ఆపుకోవడానికి పిటిషన్‌తో మొహం కప్పుకున్నాడు. అదొక్కటే ఆ పద్నాలుగు పేజీలూ ఆ రోజు చేసిన సేవ. "ఈ ఫిర్యాదు ఆ చీరల వల్ల నష్టపోయిన అందరి తరఫున వేసింది. ఆ లెక్కన మీరూ, మీ ఆవిడా కూడా ఫిర్యాదుదారులే. ఇంతకూ మీరు ఏ వైపు కూర్చుంటారో తేల్చుకోండి" అన్నాడు.

బిల్లు వెనక ఏం రాసుకున్నా, నోటితో ఇచ్చిన మాట తప్పించుకోవడానికి అది పనికిరాదని తేల్చి, నెల లోపల నలభై రెండు మందికీ రంగు దిగని కొత్త చీరలు ఇవ్వాలని ఉత్తర్వు చేశాడు. శ్యామ్‌సుందర్ అప్పటికప్పుడు ఒప్పుకున్నాడు. నలభై మూడోది కూడా పొట్లం కట్టించుకుంటానన్నాడు, ఇంటికి.

మేరమ్మ యూనీస్‌ను గట్టిగా వాటేసుకుంది. "గ్యారంటీ అన్నావు, నిలబెట్టుకున్నావమ్మా!" అని ఏడ్చింది. యూనీస్ కూడా ఏడ్చింది, ఈసారి హాయిగా. వరండాలో పులిహోర విప్పారు. బిచ్చయ్యకు రెండు పొట్లాలు ఎక్కువ ఇచ్చారు. ఆదివారం ఎలక్షనులో సెక్రటరీగా యూనీస్ పేరును మేరమ్మే ప్రతిపాదించింది, పోటీకి ఎవరూ లేవలేదు.

ఆ గందరగోళంలో జయపాల్ ఒక్కడే అధ్యక్షుడి బల్ల దగ్గర నిలబడిపోయాడు.

"సార్, మరి మా అంగీలు?"

అధ్యక్షుడు పద్నాలుగు పేజీలూ ఓపికగా తిరగేశాడు. "టబ్బు లోతు ఉంది. మైత్రి చరిత్ర ఉంది. చొక్కా అన్న మాట ఎక్కడా లేదు కదండీ. అడగనిది ఎలా ఇస్తాం? ఏదైనా కాగితం మీద ఉండాలి."

జయపాల్ పద్నాలుగు పేజీలూ చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చాడు. మరునాడు నీలి చొక్కా తొడుక్కుని, చాయ్ తాగి, పదీ ఇరవైకి ఆఫీసు లిఫ్టెక్కాడు. వెనకే ఎవరో పెద్దమనిషి ఎక్కి, ఆయన మొహం చూడకుండానే "మూడు" అన్నాడు.

జయపాల్ మూడు నొక్కాడు.